కత్తి జారుతోందా? ముందు కర్ర మార్చండి

ప్రశ్న: చెక్క చెక్కడం కాలక్షేపంగా మొదలుపెడదామని పన్నెండు పనిముట్లున్న సెట్ ఒకటి కొన్నాను. తలుపు పనిలో మిగిలిన టేకు ముక్క ఉంటే దానితో చిన్న పిట్టను చేద్దామని కూర్చున్నాను. కత్తి ఒకచోట జారిపోతుంది, ఇంకోచోట దిగబడి పెద్ద పెచ్చు లేస్తుంది. కోసిన చోటల్లా పీచుపీచుగా ఉంటోంది. ఎడమ బొటనవేలు ఇప్పటికే రెండుసార్లు తెగింది. గంట సేపు చెక్కితే మణికట్టు లాగేస్తోంది. లోపం నా చేతిలోనా, పనిముట్లలోనా? మోటారుతో తిరిగే పరికరం కొంటే తేలికవుతుందా? పదేళ్ల మా అమ్మాయి తానూ చెక్కుతానంటోంది, ఇవ్వొచ్చా?

సమాధానం: మీరు చెప్పినవాటిలో చేతి లోపం చాలా తక్కువ. టేకు ముక్క, పదును లేని కత్తి, నార (కర్రలోని పోగులు) సాగే దిశ చూసుకోకపోవడం, ఈ మూడూ కలిస్తే చెయ్యి తిరిగినవాళ్లకైనా ఇలాగే అవుతుంది. ఇప్పట్లో కొత్త పనిముట్లేవీ కొనకండి. మోటారు సంగతి తర్వాత చూద్దాం.

ముందు కర్ర. టేకు తలుపులకు మంచిదే కానీ చేత్తో పట్టుకుని కత్తితో చెక్కడానికి పనికిరాదు. గట్టిదనాన్ని కొలిచే జాంకా పరీక్షలో టేకుకు సుమారు 1,070 వస్తే, చెక్కేవాళ్లు ఎక్కువగా వాడే బాస్‌వుడ్‌కు 410 వస్తుంది. అంటే రెండున్నర రెట్లు తేడా. పైగా టేకులో ఇసుక జాతి పదార్థమైన సిలికా ఉంటుంది. అది కత్తి అంచును అరగదీస్తుంది. పొద్దున పదును పెట్టిన కత్తి కాసేపటికే మొద్దుబారుతుంది, మనకేమో మన చేతిలో బలం లేదనిపిస్తుంది.

మొదటి కొన్ని నెలలూ మెత్తగా ఉండి, నార దగ్గరగా, అంతటా ఒకేలా ఉన్న కర్రే వాడండి. బాస్‌వుడ్ దొరికితే అదే. దీన్నే కొన్నిచోట్ల లిండెన్ అనీ లైమ్ అనీ అమ్ముతారు. బొమ్మలకు వాడే పొణికి కూడా తేలికైనదే, కత్తికి బాగా లొంగుతుంది. మెత్తగా ఉంటే చాలు కదా అని బాల్సా తెచ్చుకోకండి. అది మరీ మెత్తన, కత్తి కింద తెగడానికి బదులు నలుగుతుంది. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క ఊరికే దొరుకుతుంది గానీ, అందులో ఒక పొర మెత్తగా, పక్క పొర గట్టిగా ఉంటుంది. మెత్తటి పొరలో కత్తి దూసుకుపోయి గట్టి పొర దగ్గర ఆగుతుంది, దాన్ని దాటించాలని తోస్తే ఒక్కసారిగా జారుతుంది. వేపలో నార ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటుంది, ఏ దిశలో కోసినా ఎక్కడో ఒకచోట లేస్తుంది. గన్నేరు, నల్లజీడి లాంటి విషపు చెట్ల కర్ర అసలు ముట్టుకోవద్దు.

ముక్క కొనేటప్పుడు ముడులు, చివర్ల సన్నటి పగుళ్లు లేకుండా చూడండి. చదరపు ముఖం 24 లేదా 25 మి.మీ., పొడవు 150 మి.మీ. ఉన్న ముక్కలు ఒక పది ఉంటే మొదటి దశకు సరిపోతాయి. ఇంతకన్నా చిన్నవి చేతిలో నిలవవు, పెద్దవి గుప్పిటకు అందవు. చెట్టు నుంచి అప్పుడే కొట్టిన పచ్చికొమ్మ వెన్నలా తెగుతుంది, నిజమే. కానీ చివర్ల నుంచి తేమ పక్కల కంటే చాలా వేగంగా పోతుంది, కొమ్మ చుట్టుకొలత వెంబడి ఎక్కువగా, మధ్య నుంచి అంచుకు తక్కువగా కుంచించుకుపోతుంది. అందుకే నడిమి బెండును ఉంచి చెక్కిన బొమ్మ నెల తిరక్కుండా పగులుతుంది. పచ్చికర్రే వాడాలనుకుంటే కొమ్మను నిలువుగా రెండుగా చీల్చి, బెండు తీసేసి వాడండి. పని ఆపినప్పుడల్లా ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టండి.

ఇక పనిముట్లు. పన్నెండింటిలో పదకొండు పక్కన పెట్టేయండి. వంపు ఉలులూ, వీ ఆకారపు ఉలులూ చెక్కను బల్లకు బిగించి రెండు చేతులతో వాడాల్సినవి. ముక్కను ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ఉలిని తోయడం అరచేతిలో పోటు పడటానికి దగ్గరి దారి. మీకు కావలసింది మడవని కత్తి ఒక్కటే. అలుగు (కత్తి రేకు) పొడవు 40 నుంచి 60 మి.మీ., వెన్ను పలచగా, అంచు తిన్నగా, పిడి గుప్పిట నిండేంత లావుగా ఉండాలి. జేబులో పెట్టుకునే మడతకత్తి వద్దు. తాళం లేనిదైతే మొనతో పని చేసేటప్పుడు వేళ్లమీదికి మూసుకుంటుంది.

సెట్లో వచ్చే కత్తులకు ఒక జబ్బు ఉంటుంది. అలుగు వాలు సన్నగానే దిగి, చిట్టచివర మిల్లీమీటరులో సగం మేర ఇంకో నిటారు వాలు ఉంటుంది. కాగితం బాగానే కోస్తుంది. చెక్కలో మాత్రం ఆ రెండో వాలు భుజంలా అడ్డుపడి అంచును పైకి ఎత్తేస్తుంది. మీ కత్తి జారడానికి ఇదే కారణమై ఉండొచ్చు. తెలుసుకోవడానికి వాలు మొత్తానికి మార్కర్ పెన్‌తో రంగు వేసి, సానమీద ఆనించి రెండుసార్లు రుద్దండి. అంచు దాకా రంగు పోతే సరే. వెనక భాగంలో పోయి అంచు దగ్గర మిగిలితే రెండో వాలు ఉన్నట్టే, అది అరిగిపోయేదాకా సాన పట్టాలి.

సానరాయి లేకపోతే గాజుపలక మీద నీటిలో తడపగలిగే గరుకు కాగితం అంటించి వాడుకోవచ్చు. 400 నంబరుతో మొదలుపెట్టి 800, 1500, 2000 వరకు వెళ్లండి. రెండు వైపులా కలిపి అంచు కోణం 20 డిగ్రీల దగ్గర ఉండాలి, అంటే ఒక్కో వైపు 10. అలుగు వెడల్పు 12 మి.మీ. అయితే వెన్నును పలక నుంచి సుమారు 2 మి.మీ. ఎత్తితే ఆ కోణం వస్తుంది. కాగితం మీద ఎప్పుడూ వెన్ను ముందు, అంచు వెనక వచ్చేలా లాగాలి. తిరగేస్తే కాగితం కోసుకుపోతుంది. ఒక వైపు రుద్దుతుంటే అవతలి వైపు అంచున గోటికి తగిలే సన్నటి గరుకు లేస్తుంది, దాన్నే బర్ అంటారు. అది మొన నుంచి పిడి దాకా లేచాకే కత్తి తిప్పాలి. మధ్యలో ఎక్కడైనా లేవలేదంటే అక్కడ ఇంకా అంచు దాకా అరగలేదన్నమాట. చాలామంది 400 మీద ఓపిక పట్టక 2000కు దూకేస్తారు. అప్పుడు కత్తి అద్దంలా మెరుస్తుంది, తెగదు.

చివరగా తోలుపట్టీ. 50 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. పొడవు ఉన్న తోలుముక్కను చెక్కకు అంటించి, ఆకుపచ్చ పాలిష్ ముద్దను పలచగా రుద్దండి. ఒక్కో వైపు ఇరవై సార్లు, వెన్ను ముందుగా, తేలికగా లాగాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. లాగడం పూర్తయ్యే చోట మణికట్టు అలవాటుగా పైకి లేస్తుంది. ఆ ఒక్క కదలికకే అంచు గుండ్రమైపోతుంది. చివరికి రాగానే కత్తిని ఆపి, ఆగాక ఎత్తండి. చెక్కేటప్పుడు ప్రతి ఇరవై, ముప్పై నిమిషాలకు తోలుపట్టీ మీదికి వెళ్లి రావాలి. అలా చేస్తే మళ్లీ కాగితం అవసరం వారాల తరబడి రాదు, అంచు గచ్చుమీద పడి విరిగితే తప్ప.

పదును చూడటానికి చేతి వెంట్రుకలు గీయక్కర్లేదు. మెత్తటి కర్ర చివరి ముఖాన్ని, అంటే నార తెగి కనిపించే చోట, పలచగా కోసి చూడండి. కోత నున్నగా మెరిస్తే పదును ఉంది. తెల్లగా, పొడిపొడిగా నలిగితే లేదు. నున్నటి కోతలో ఒకే ఒక తెల్ల గీత వస్తే అంచుమీద అక్కడ చిన్న గంటు ఉంది. మీకొస్తున్న పీచు సగం ఈ పరీక్షతోనే పోతుంది.

మిగతా సగం నార దిశ వల్ల వచ్చేది. చీపురుకట్టను ఏటవాలుగా కోస్తున్నామనుకోండి. కట్ట లావుగా ఉన్న చోటు నుంచి సన్నబడే వైపు కోస్తే తెగే ప్రతి పుల్లకూ కింద ఇంకో పుల్ల ఆసరాగా ఉంటుంది. సన్నటి వైపు నుంచి లావు వైపు కోస్తే కత్తి రెండు పుల్లల మధ్య దూరి వాటిని విడదీస్తుంది. కర్రలో జరిగేదీ అదే. ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికి కోయాలి. గుంట చెక్కాలంటే రెండు ఒడ్ల నుంచీ దిగి అడుగున కలుసుకోవాలి, ఒక ఒడ్డున దిగి అదే కోతతో రెండో ఒడ్డు ఎక్కకూడదు. గుబ్బ చెక్కాలంటే నడినెత్తి నుంచి రెండు వైపులకూ దిగాలి. ఎదురు నారలో పడ్డారో లేదో చెవికీ తెలుస్తుంది. సరైన దిశలో చప్పుడు దాదాపు ఉండదు, పేళ్లు మెలితిరిగి రాలతాయి. ఎదురైతే చిటపటమని చీలుతున్న శబ్దం వస్తుంది, కత్తి తనంతట తాను లోపలికి లాక్కుపోతుంది. అక్కడ బలం పెట్టొద్దు. కత్తి వెనక్కి తీసి, ముక్కను తిప్పి అవతలి వైపు నుంచి రండి. మీ పిట్టకు పెచ్చు లేచిన చోట్లన్నీ ఒకసారి చూడండి, దాదాపు ప్రతిదీ పల్లం నుంచి ఎత్తుకు ఎక్కిన కోతే అయి ఉంటుంది.

బొటనవేలు ఎందుకు తెగుతోందో మీ ఉత్తరంలో లేదు గానీ, ఎడమ బొటనవేలు అంటే ముక్కను పట్టుకున్న వేలు కత్తి దారిలో ఉందన్నమాట. ఆ వేలిని దారిలోంచి తీసి పనిలో పెట్టండి. కుడిచేత్తో కత్తి పట్టుకుని, ఎడమ బొటనవేలిని కత్తి వెన్నుమీద ఆనించి, ఆ వేలితోనే తోయండి. కుడిచెయ్యి దిశ చూపిస్తుంది, బలం బొటనవేలిది. కోత 5 నుంచి 10 మి.మీ. దాటదు, ఎందుకంటే వేలు అంతకన్నా సాగదు. కత్తి జారినా అక్కడే ఆగుతుంది. చెక్కుడు పనిలో ముప్పాతిక వంతు ఈ కోతతోనే నడుస్తుంది.

రెండోది మనవైపు లాక్కునే కోత. నాలుగు వేళ్లతో పిడి పట్టి, కత్తిపట్టిన చేతి బొటనవేలిని ముక్కకు ఆనించి గుప్పిట మూస్తే అంచు వేలి వైపు వస్తుంది. ఈ కోత మీద పట్టు ఎక్కువే, వేలు తెగేదీ దీనితోనే. బొటనవేలు అంచు బయటికొచ్చే గీతకు ఎదురుగా కాకుండా ఒక అంగుళం కిందికి ఉండాలి, దానిమీద తోలు తొడుగో నాలుగు చుట్ల గుడ్డ టేపో ఉండాలి. మూడోది ఆపుడు కోత. గీత మీద అంచును నిలువుగా ఆనించి, 1 నుంచి 2 మి.మీ. లోతు దించి వదిలేయడం. తర్వాత పక్క నుంచి వచ్చే కోత ఆ గీత దగ్గర ఆగి పేడు ఊడిపోతుంది. ఈ మూడు చేతికి వస్తే నాలుగోది నేర్చుకోవాల్సిన తొందరేమీ లేదు.

ముక్కను పట్టుకునే చేతికి కోత తగలని గ్లవ్ వేసుకోండి. అది అంచు గీరుకోకుండా కాపాడుతుంది, మొన పోటును మాత్రం ఆపదు. ఒళ్లో పెట్టుకుని తొడల మధ్య చెక్కకండి. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, అక్కడ తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. మోచేతులు మోకాళ్లమీద ఆనించి, ముక్క మోకాళ్లకు అవతల ఉండేలా ముందుకు వంగి కూర్చోండి. చెయ్యి చాచి చుట్టూ తిప్పితే అందే దూరంలో ఎవరూ ఉండకూడదు. జారిపడే కత్తిని పట్టుకోబోకండి, పడనివ్వండి. వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టి చెయ్యి పైకెత్తాలి. అప్పటికీ రక్తం ఆగకపోయినా, వేలు వంగకపోయినా, మొన దగ్గర స్పర్శ తెలియకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక పిట్టను కొన్నాళ్లు పక్కన పెట్టి, ఒక ముక్కను పూర్తిగా సాధనకే ఇచ్చేయండి. 24 మి.మీ. చదరం ముక్కకు ప్రతి ముఖం మీదా అంచుల నుంచి 7 మి.మీ. దగ్గర గీతలు గీస్తే 7, 10, 7గా విడిపోతుంది. మూలలను ఆ గీతల దాకా కోస్తే ఎనిమిది పలకల కడ్డీ వస్తుంది. ఆ ఎనిమిది మూలలనూ పలచగా తీస్తే పదహారు, ఆపైన గుండ్రమే. గుండ్రం చెక్కాలని నేరుగా కూర్చుంటే కోడిగుడ్డు ఆకారం వస్తుంది, లెక్కప్రకారం పలకలు తీస్తే రాదు. అదే కడ్డీ మీద చుట్టూ ఒక ఆపుడు గీత, ఒక వీ గాడి, ఒక గుంట, చివర ఒక గుబ్బ చెక్కి చూడండి.

తర్వాతి ముక్కతో పుట్టగొడుగు చేయండి. పైన 30 మి.మీ. గొడుగు, దానికింద 55 మి.మీ. కాడ, మిగిలిన 65 మి.మీ. పట్టుకోవడానికి పిడి. ఆ పిడిని చివరిదాకా కోయకూడదు, చెయ్యి అంచుకు దూరంగా ఉండేది దాని వల్లే. ముక్కను ఎనిమిది పలకలు చేశాక 30 మి.మీ. గీత చుట్టూ 2 మి.మీ. లోతు ఆపుడు కోత పెట్టండి. కాడ వైపు 15 మి.మీ. దూరం నుంచి గీత దాకా పలచగా కోసుకుంటూ రండి. మళ్లీ ఆపుడు కోత, మళ్లీ పక్క కోత. కాడ 12 మి.మీ. లావుకు వచ్చేదాకా ఇంతే. మధ్యలో విసుగొచ్చి ఒకేసారి ఇంకో 5 మి.మీ. లోతు దించారంటే, చేయబోయే కాడలోకే ఆ గాటు దిగుతుంది. చూడటానికి కనపడదు, చివరి కోతల్లో కాడ సరిగ్గా అక్కడే పుటుక్కున విరుగుతుంది. గొడుగును వెడల్పైన అంచు నుంచి నెత్తి వైపుకు గుండ్రం చేయండి. అంచు 4 మి.మీ. కంటే పలచన కానివ్వకండి, అక్కడ నార పొట్టిగా ఉంటుంది కాబట్టి గోరు తగిలినా పెచ్చు రాలుతుంది. నెత్తిమీద నార చివరి ముఖం గట్టిగా అనిపిస్తే నీళ్లు, సర్జికల్ స్పిరిట్ సమానంగా కలిపి ఒక్క చుక్క తుడిచి ఒక నిమిషం ఆగండి, మెత్తబడుతుంది. స్పిరిట్ దగ్గర నిప్పు ఉండకూడదు. అంతా అయ్యాక కాడ అడుగున చుట్టూ గాడి తీసి, 6 మి.మీ. మిగలగానే చిన్న రంపంతో కోసేయండి.

ఇలాంటివి నాలుగైదు చేశాక పిట్ట దగ్గరికి వెళ్లండి. అప్పుడు కూడా నార ముక్కు నుంచి తోక వైపు సాగేలా ముక్కను పెట్టుకోవాలి. ముక్కుకు అడ్డంగా నార ఉంటే ఎంత జాగ్రత్తగా చెక్కినా అది ఊడి చేతిలోకి వస్తుంది. పక్క నుంచి కనిపించే బొమ్మనూ పై నుంచి కనిపించే బొమ్మనూ రెండు ముఖాల మీద గీసుకుని, అదనపు చెక్కను రంపంతో తీసేసి, తర్వాతే కత్తి పట్టండి. కాళ్లు చెక్కతో వద్దు, తీగతో పెట్టుకోవచ్చు.

మణికట్టు నొప్పికి సగం మందు పదునే. పేడు మందం మిల్లీమీటరు లోపు ఉండేలా కోస్తే పట్టు దానంతట అదే సడలుతుంది. పిడి సన్నగా ఉంటే గుడ్డ టేపు చుట్టి లావు చేయండి. ఇరవై నిమిషాలకోసారి తోలుపట్టీ దగ్గరికి లేవడం చేతికీ విరామమే. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మాత్రం చెక్కడం ఆపి చూపించుకోండి.

మోటారు పరికరం ఇప్పుడు కొనొద్దని నా గట్టి అభిప్రాయం. కత్తితో పేళ్లు రాలతాయి, దుప్పటి పరిస్తే చాలు. తిరిగే మొనతో సన్నటి పొడి ఇల్లంతా లేస్తుంది. కలప ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే ప్రకటించింది. మాస్కు, పొడిని లాగే ఏర్పాటు లేకుండా ఇంట్లో దాన్ని వాడకూడదు. ఇంకోటి, కత్తికి వేసుకునే గ్లవ్ తిరిగే యంత్రం దగ్గర వేసుకుంటే దారం చుట్టుకుని వేలినే లాక్కుపోతుంది. పైగా నార సంగతి తెలియకుండా యంత్రంతో మొదలుపెడితే ఆ సంగతి ఎప్పటికీ తెలియదు.

గరుకు కాగితం కూడా అలాంటిదే. చెక్కడం పూర్తిగా అయ్యేదాకా బొమ్మకు తగలనివ్వొద్దు. అందులోని గరుకు రేణువులు చెక్కలో ఇరుక్కుని, తర్వాత వేసే ప్రతి కోతకూ అంచును తింటాయి. పదునైన కత్తి వదిలిన పలకలే బొమ్మకు అందం. పెన్సిల్ మరకలూ చేతి జిడ్డూ పోవడానికి పాత టూత్‌బ్రష్, కొంచెం సబ్బునీళ్లు చాలు. ఒకరోజు ఆరాక ఉడికించిన అవిసెనూనె పలచగా పట్టించి, పావుగంటకు తుడిచేయండి. ఆ తుడిచిన గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆరే కొద్దీ నూనె వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతట అదే అంటుకుంటుంది. ఆరుబయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి మూతున్న రేకుడబ్బాలో పెట్టాలి. చెంచాలు, గరిటెల లాంటివి చేస్తే ఈ నూనె వద్దు, ఆరడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారు. వాటికి తిండికి పనికొచ్చే మినరల్ ఆయిల్ వాడండి.

మీ అమ్మాయి విషయం. పదేళ్లకు మొదలుపెట్టొచ్చు, కత్తితో కాదు. పచ్చికొమ్మ బెరడు తీయడానికి తొక్కతీసే పీలర్ ఇవ్వండి. నార ఎటు లేస్తుందో, ఎటు లేవదో దానితోనే తెలుస్తుంది. పక్కన ఒక సబ్బుబిళ్ల, మొద్దు చెక్కపుల్ల ఇస్తే ఆకారాలు తీయడం వస్తుంది. ఈ రెండిటితో ఆపమన్నప్పుడు ఆపడం, పనిముట్టు కింద పెట్టాకే లేవడం అలవాటైతే, అప్పుడు మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తి, తన చేతికి సరిపోయే గ్లవ్ ఇచ్చి, మొదట బొటనవేలితో తోసే కోత ఒక్కటే నేర్పండి. మొద్దుకత్తి పిల్లలకు క్షేమం అనుకుంటారు, అది తప్పు. బలమంతా పెట్టి తోయాల్సి వచ్చేది దానితోనే. తను చెక్కుతున్నంతసేపూ మీ కత్తి ఒరలో ఉండాలి, మీ కళ్లు తన చేతులమీద ఉండాలి.